గీత దాటిన సైకిళ్ళు

మిజుహరా ఊళ్ళో సగం మందికి ఉద్యోగం ఏటికి అవతల టోక్యోలో, పడక ఇక్కడ. ఇంటి నుంచి స్టేషన్ దాకా సైకిలు, అక్కడి నుంచి గంటసేపు రైల్లో నిలబడటం. రైలు వంతెన కింద ఉన్న సైకిళ్ళ స్టాండు ఒక్క పూట మూతబడితే టోక్యోలో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయో అని కుసాకా మిత్సుయో అప్పుడప్పుడూ అనుకుంటుంది. ఆమెను ఎవరూ అడగరు కాబట్టి ఆ అంచనా ఆమె దగ్గరే ఉండిపోయింది.

మిత్సుయోకి అరవై తొమ్మిదేళ్ళు. కాగితంలో స్టాండు కాపలా మనిషి అని రాశారు గానీ, ఆమె చేసేది కాపలా కాదు. రైలు అందదేమోనన్న ఆత్రంలో జనం ముందు చక్రాన్ని గాడిలోకి తోసి పరుగెడతారు. వెనక సగం దారిలోనే మిగిలిపోతుంది. మిత్సుయో హ్యాండిలు పట్టుకుని కొంచెం ఎడమకి తిప్పి, సీటు కింద చెయ్యి వేసి ఎత్తి, మోకాలితో ఒక్క తోపు తోస్తుంది. చక్రం గాడి చివరికంటా వెళ్ళి టక్కుమంటుంది. రెండంతస్తుల స్టాండులో పదకొండు వందల సైకిళ్ళుంటే, రెండు వందల పైచిలుకు ఆ తోపుతోనే నేల మీది తెల్ల గీత లోపలికి పోతాయి. తోస్తూనే, పరుగెత్తే వీపులకేసి "వెళ్ళి రండి" అంటుంది. కొందరు వెనక్కి తిరక్కుండానే "వెళ్ళొస్తా" అంటారు. చాలామంది అనరు. అయినా ఆమె మానదు.

ఆ సోమవారం పొద్దున్న సన్నగా వాన పడుతోంది. జూన్ నెలంతా అదే వరస. ఆరు యాభై ఎనిమిదికి మినోవా చిహారు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. రెండేళ్ళ కూతుర్ని డే కేర్‌లో దింపి, ఏడూ ఆరు రైలు పట్టుకుంటుంది. వెనక పిల్లల సీటు బిగించిన ఆమె బ్యాటరీ సైకిలు ముప్ఫై కిలోల బరువు. ఏటా మార్చిలో లాటరీ తీసి స్టాండులో నంబర్లు ఇస్తారు. చిహారుకి పై అంతస్తులో నాలుగు వందల పదిహేడు వచ్చింది. పిల్లల సీటున్న సైకిళ్ళు పై అంతస్తులో పెట్టరాదని ఆ అంతస్తు మీదే బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఇచ్చినట్టే ఇచ్చి చెయ్యి వెనక్కి లాక్కోవడమంటే ఇదే.

ఇదివరకైతే గుమ్మం పక్కన పన్నెండు సైకిళ్ళకి సరిపడా నేల ఉండేది. తల్లీ బిడ్డల బొమ్మ కూడా వేసి ఉండేది. స్టాండు నడిపే కంపెనీ ఏప్రిల్‌లో ఆ బొమ్మ మీద ప్లాస్టిక్ చాప పరిచి, ఇనుప పట్టీలు బిగించి, ఎర్రటి అద్దె బ్యాటరీ సైకిళ్ళు పన్నెండు తెచ్చి నిలబెట్టింది. రెండు నెలల్లో వాటిని అద్దెకు తీసుకున్న మనిషిని మిత్సుయో చూడలేదు. రోజూ వాటి దుమ్ము తుడిచే పని మాత్రం ఆమె నెత్తినే పడింది. పిల్లల తల్లులు తలో మూలా సర్దుకున్నారు. చిహారు సైకిల్ని స్తంభం పక్కన నిలబెట్టుకోమని చెప్పింది మిత్సుయోనే.

"వెళ్ళి రామ్మా."

"వస్తానండీ" అంటూ చిహారు మెట్లెక్కేసింది.

తొమ్మిదింటికి నెమోతో అనే కంపెనీ సూపర్‌వైజర్ వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్థుడే. అయిదు స్టేషన్ల స్టాండులు చూసుకుంటాడు కాబట్టి ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో ఉంటాడు. జేబులోంచి కొలత టేపు తీసి స్తంభం దగ్గర వంగున్నాడు.

"కుసాకా గారూ, ఇది నాలుగు వేళ్ళు బయటికుంది."

"నాలుగు వేళ్ళే కదండీ."

"నాలుగైనా నలభై అయినా బయటే కదా. ఎనభై ఎనిమిదో నంబరు సమేజిమా గారు ఫిర్యాదు రాశారు. నడవడానికి అడ్డంగా ఉందట. చీటీ కట్టండి."

"పై అంతస్తులో పెట్టడానికి వీల్లేదు, కింద చోటు లేదు. ఆ పిల్ల ఎక్కడ పెట్టుకుంటుంది?"

"నిజమేనండి. నాకూ తెలుసు." నెమోతో టేపు చుట్టాడు. "కానీ రూలు అందరికీ ఒకటే. ఒక్కరికి సడలిస్తే రేపు అందరికీ సడలించాలి."

మిత్సుయో చీటీల పుస్తకం తీసింది. పసుపు చీటీ, దాని మీద నంబరు, అడుగున కార్బన్ కాగితం. కడుతుంటే తడి గ్లౌజులో తాడు రెండుసార్లు జారింది. మధ్యాహ్నం పన్నెండింటికి మున్సిపాలిటీ ట్రక్కు వచ్చింది. రోజుకొక్కసారే వస్తుంది. ట్రక్కు డ్రైవరు పుస్తకం చూసుకుంటూ ఒకటి, రెండు, మూడు అని నంబరు వరసలోనే ఎత్తుతాడు. వరస తప్పితే ఏటి ఒడ్డున ఉన్న సైకిళ్ళ బందెలదొడ్డిలో దింపుకోరు. ఆ రోజు మూడే చీటీలు. మూడోది చిహారుది.

"అబ్బ, ఈ బ్యాటరీవి ఏం బరువమ్మా. ఇలాంటివి పన్నెండు ఎక్కిస్తే నా ట్రక్కు నిండిపోతుంది" అన్నాడు డ్రైవరు, నడుం పట్టుకుని.

సాయంత్రం ఆరూ నలభై ఒకటి రైలు దిగి చిహారు స్తంభం దగ్గరికొచ్చి ఆగిపోయింది. అక్కడ నీళ్ళ మరక తప్ప ఏమీ లేదు. మిత్సుయో ఎదురెళ్ళింది.

"మధ్యాహ్నం తీసుకుపోయారమ్మా. చీటీ కట్టింది నేనే."

చిహారు గోడ గడియారం చూసింది. డే కేర్ ఏడింటికి మూస్తారు. సైకిలు మీద తొమ్మిది నిమిషాలు, నడిస్తే పాతిక. బందెలదొడ్డి ఆరింటికే మూసేస్తారు.

"నా సైకిలు తీసుకెళ్ళు. ఇదిగో తాళం."

"పాపకి సీటు లేదు కదండీ." చిహారు వంగి దణ్ణం పెట్టింది. "నాదే తప్పు. మీకు ఇబ్బంది కలిగించాను."

తరవాత ఎత్తు మడమల జోళ్ళు విప్పి సంచీలో పడేసి, మేజోళ్ళతోనే వానలోకి పరుగెత్తింది. బస్టాపు మలుపు తిరిగేదాకా ఆమె వీపు కనిపించింది. ఆ వీపుకేసి ఏమనాలో మిత్సుయోకి తోచలేదు.

మర్నాడు చిహారు నడిచి వచ్చింది. మడమకి ప్లాస్టరు. మిత్సుయో నోరు తెరవకముందే తనే అంది.

"ఆరు నిమిషాలు లేటయింది. ఇది రెండోసారి. మూడోసారి అయితే ఏడు దాకా ఉంచుకోరట, అయిదింటికే తీసుకెళ్ళాలట. అయిదింటికి నేను టోక్యోలో ఆఫీసులో ఉంటాను. అంటే ఇంక ఉద్యోగం మానుకోవడమే. ఇవాళ్టికి ఒక గంట ముందు పంపమని బతిమాలుకున్నాను."

"నేను చీటీ కట్టకుండా ఉండాల్సింది."

"అలా అనుకోకండి. మీరు కట్టకపోతే ఇంకొకరు కట్టేవాళ్ళు."

ఓదార్పుగానే అంది ఆ పిల్ల. కానీ తిట్టినా బాగుండేది. పొద్దంతా మిత్సుయో చెవుల్లో అదే మాట. ఇంకొకరు కట్టేవాళ్ళు. అంటే ఇక్కడ ఉన్నది మిత్సుయో కాదు, ఒక జత గ్లౌజులు. ఆమెకి సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

పదింటికి రద్దీ తగ్గాక రేకుల గదిలో టీ. ఆమెతో పనిచేసే తొగాషి అన్నం ముద్ద చుట్టూ చుట్టిన సముద్రపు నాచు రేకును సరిచేసుకుంటున్నాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి, ఒకప్పటి రైలు డ్రైవరు. రైలు డ్రైవర్ల అలవాటు పోక, ఇప్పటికీ ఏ పనైనా మొదలెట్టేముందు వేలు చూపించి పైకి చదువుకుంటాడు. టీ కెటిల్‌ని కూడా వేలు చూపించి "మూత సరే" అంటాడు.

"మిత్సుయో గారూ, టీలో ఏం పడిందని అలా చూస్తున్నారు?"

ఆమె చెప్పింది. తొగాషి నోట్లోది మింగి, అన్నం ముద్ద పక్కన పెట్టాడు.

"నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మాకు సమ్మె చేసే హక్కు లేదు. చేస్తే ఉద్యోగం పోతుంది. అందుకని మా పెద్దవాళ్ళు ఏం చేశారో తెలుసా? రూల్ పుస్తకం తీశారు. ప్రతి సిగ్నలు దగ్గరా రూలు ఎంత నెమ్మదిగా వెళ్ళమంటే అంత నెమ్మదిగా వెళ్ళాం. తలుపు ఒక్క వేలు సందున్నా బండి కదపలేదు. ఒక్క తప్పు చెయ్యలేదు. మూడు రోజుల్లో టోక్యో చుట్టుపక్కల ఒక్క బండి వేళకి నడవలేదు."

"జనం ఏమన్నారు?"

"నా బండి అద్దాలు పగలగొట్టారు." తొగాషి నవ్వాడు. "కోపం తప్పలేదు. కానీ రోజూ మేం రూలు పక్కన పెట్టి నడుపుతున్నాం కాబట్టే బళ్ళు నడుస్తున్నాయని కంపెనీకి ఆనాడే తెలిసింది."

మిత్సుయో గోడ మేకుకి వేలాడుతున్న స్టాండు నిబంధనల పుస్తకం దించింది. తడికి అట్ట ఉబ్బిపోయి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివింది. తొమ్మిదో నిబంధన దగ్గర ఆగి, వేలు పెట్టి మళ్ళీ చదివింది. సైకిలు ఎవరిదైనా సరే, ఏ భాగమైనా తెల్ల గీత దాటి ఉంటే చీటీ కట్టవలెను. సైకిళ్ళను లోపలికి తోయవలెనని పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

బుధవారం నెమోతో వచ్చినప్పుడు ఆమె సూటిగా అడిగింది.

"గుమ్మం పక్క నేల పిల్లల తల్లులకి వెనక్కి ఇచ్చెయ్యండి. ఆ ఎర్ర సైకిళ్ళు ఎవరూ ఎక్కడం లేదు."

"అది హెడ్డాఫీసు నిర్ణయమండీ. నా చేతుల్లో లేదు."

"మరి ఎవరి చేతుల్లో ఉంది? వాళ్ళని ఒకరోజు పొద్దున్నే రమ్మనండి."

నెమోతో గొంతు తగ్గించాడు. "కుసాకా గారూ, సెప్టెంబరులో మీ ఉద్యోగం కాగితాలు మళ్ళీ రాయాలి. వయసు మళ్ళిన వాళ్ళని చాలాచోట్ల ఆపేస్తున్నారు. మిమ్మల్ని ఆపకుండా చూడాలనే నా ప్రయత్నం. మీరు కూడా కొంచెం సర్దుకుంటే బాగుంటుంది. రూలు అందరికీ ఒకటే, అంతే కదా."

ఈ పని పోతే మిత్సుయో పస్తులుండదు గానీ, పొద్దున్న నాలుగున్నరకి లేవడానికి ఇంకో కారణం లేని మనిషి. అది నెమోతోకి తెలుసు. తెలిసే అన్నాడు.

"అలాగేనండి. అందరికీ ఒకటే" అంది మిత్సుయో.

అతను వెళ్ళాక ఆమె రేకుల గదిలోంచి తన కుట్టుపని టేపు తెచ్చి ఎర్ర సైకిళ్ళ దగ్గర వంగుంది. ఇనుప పట్టీలు వేరే ఊరి కొలతలకి చేసినవి కాబోలు, ఒక్కో సైకిలు వెనక చక్రం తెల్ల గీతని జానెడు దాటి ఉంది. పన్నెండూ అంతే. రెండు నెలలుగా రోజూ తుడుస్తూ కూడా చూడలేదే అని తనని తానే తిట్టుకుంది. ఆ సాయంత్రం చిహారు సగం రోజు సెలవు పెట్టి బందెలదొడ్డి నుంచి తన సైకిలు తెచ్చుకుందని తొగాషి చెప్పాడు.

"రేపు మీరు మోకాలికి విశ్రాంతి ఇవ్వాలి తొగాషి గారూ" అంది మిత్సుయో.

అతను ఆమె చేతిలోని చీటీల కట్ట చూశాడు. వేలు చూపించి, "చీటీలు సరే" అన్నాడు.

గురువారం అయిదున్నరకి, మొదటి సైకిలు రాకముందే, ఒకటి నుంచి పన్నెండు దాకా చీటీలు ఎర్ర సైకిళ్ళకి కట్టేసింది. ప్రతిదానికీ టేపు పెట్టి కొలిచి, ఎంత దాటిందో పుస్తకంలో రాసింది. తరవాత గ్లౌజులు సర్దుకుని తొగాషితో పాటు గుమ్మం దగ్గర నిలబడింది.

ఆరున్నరకి జనం వరద మొదలైంది. ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చిన వాళ్ళకల్లా "వెళ్ళి రండి" అంటున్నారు. ఒక్క సైకిల్నీ తోయడం లేదు. పదిహేను నిమిషాల్లో వరసలు వంకర్లు పోయాయి. వెనక చక్రాలు, బుట్టలు, గొడుగు కొక్కేలు దారిలోకి పొడుచుకొచ్చాయి. మిత్సుయో ఒక చివర నుంచి కొలుచుకుంటూ, కట్టుకుంటూ వచ్చింది. ఒక స్కూలు పిల్ల తన సైకిల్ని తనే చివరికంటా తోసుకుంది. దానికి కట్టలేదు. అలాంటివి ఎన్నో లేవు.

ఆరు యాభై ఎనిమిదికి చిహారు వచ్చి ఆ పసుపురంగంతా చూసి నిలబడిపోయింది.

"ఎక్కడ పెట్టమంటారు?"

"ఎప్పటి చోటే."

"చీటీ కడతారా?"

"కడతాను. అందరికన్నా ఆఖర్న కడతాను."

చిహారు ఆమె ముఖంలోకి చూసింది. ఇవాళ సాయంత్రం సైకిలు లేకపోతే మూడోసారి అవుతుంది. అడగడానికి టైము లేదు, నమ్మడానికి మూడు రోజుల కిందటి సోమవారం అడ్డం. హ్యాండిలు మీంచి చెయ్యి తీసి, మళ్ళీ వేసి, చివరికి వదిలేసింది.

"వెళ్ళొస్తాను" అంది. వెనక్కి తిరిగి, ఆమెకేసి చూస్తూ అంది.

ఏడూ ఇరవైకి సమేజిమా వచ్చాడు. యాభై దాటిన మనిషి, గొడుగుని కత్తిలా పట్టుకుంటాడు. సైకిలు పెట్టి పదడుగులు వేశాడో లేదో వెనక తాడు చప్పుడు వినిపించి తిరిగొచ్చాడు.

"ఇదేంటి? ఇది నా నంబరు, నా చోటు."

"అవునండి. వెనక చక్రం రెండు వేళ్ళు బయటికుంది."

"నేను రోజూ ఇలాగే పెడతాను."

"రోజూ మేం లోపలికి తోస్తున్నామండీ. తోయమని రూల్లో లేదు. బయటుంటే చీటీ కట్టమని ఉంది. మీరు కూడా మొన్న అదే రాశారు కదా."

సమేజిమా సైకిలు సీటు మీద చెయ్యి వేశాడు. పైన రైలు వస్తున్న చప్పుడైంది. సైకిల్ని తోద్దామా పరుగెడదామా అని ఒక క్షణం ఊగి, పరుగెత్తాడు.

"వెళ్ళి రండి" అంది మిత్సుయో, అందరితో అన్నట్టే.

తొమ్మిదింటికి చిహారు సైకిలుకి ఆఖరి చీటీ కట్టింది. రెండు వందల ముప్ఫై ఒకటి. అప్పటికే స్టేషన్ నుంచి, మున్సిపాలిటీ నుంచి నెమోతోకి ఫోన్లు వెళ్ళాయి. అతను ఏటికి అవతల ఇంకో స్టాండులో ఉన్నాడు. పన్నెండింటికి ట్రక్కే ముందొచ్చింది. డ్రైవరు దిగి, దారి పొడుగునా పసుపు చీటీలు చూసి టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇవన్నీ ఎత్తాలా?"

"ఎన్ని పడితే అన్ని. వరసలోనే కదా?"

అతను పుస్తకం తెరిచి ఒకటో నంబరు వెతుక్కుంటూ వెళ్ళి ఎర్ర సైకిలు ముందు ఆగాడు. "ఇవి మీ కంపెనీవే కదమ్మా?"

"గీత దాటాయి. కొలిచి చూసుకో."

"నాకెందుకు? ఒకటంటే ఒకటే. నంబరు తప్పితే అక్కడ దింపుకోరు."

ఎర్ర సైకిళ్ళని మరమ్మతుకి తీసేటప్పుడు ఇనుప పట్టీలు విప్పే తాళంచెవి రేకుల గదిలోనే ఉంటుంది. తొగాషి వేలు చూపించి "తాళం సరే" అని ఒక్కో పట్టీ విప్పాడు. పన్నెండు ఎర్ర సైకిళ్ళు ఎక్కేసరికి ట్రక్కు నిండిపోయింది. డ్రైవరు మిగిలిన రెండు వందల పందొమ్మిదికేసి చూసి, మిత్సుయోకేసి చూశాడు. మెల్లగా అతని మూతి పక్కకి సాగింది.

"మిగతావి రేపు. రేపటికి ఇక్కడే ఉంటే" అని బండెక్కాడు. సాయంత్రానికి ఎవరి సైకిలు వాళ్ళు తొక్కుకుపోతారని అతనికీ తెలుసు.

పన్నెండూ నలభైకి నెమోతో చెమటలు కక్కుతూ వచ్చాడు. ఖాళీ నేల చూసి చీటీల పుస్తకం అందుకుని తిరగేశాడు. సైకిళ్ళు విడిపించాలంటే హెడ్డాఫీసు ముద్ర కావాలి. ముద్ర వెయ్యాలంటే అవి గీత ఎందుకు దాటాయో రాయాలి. ఏప్రిల్‌లో కొలిచి, లోపలే ఉన్నాయని సంతకం పెట్టింది అతనే. ఫోన్ పట్టుకుని వానలో అటూ ఇటూ తిరిగి, మున్సిపాలిటీకని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా ఇద్దరు ముసలివాళ్ళూ ప్లాస్టిక్ చాప ఎత్తేసి బ్రష్షులతో నేల రుద్దారు. తల్లీ బిడ్డల బొమ్మ సగం చెరిగి సగం మిగిలి బయటపడింది. స్తంభాల పక్కన, మెట్ల కింద ఉన్న పిల్లల సీటు సైకిళ్ళు తొమ్మిది దొరికాయి. ఒక్కోదాన్నీ ఇద్దరూ కలిసి తోసుకొచ్చి, గీతకి లోపల నిలబెట్టి, చీటీ తీసేశారు. గీత లోపల ఉన్నదానికి చీటీ ఉండకూడదు కదా.

ఆరూ నలభై ఒకటి రైలు దిగిన గుంపు భయంగానే వచ్చింది. సైకిళ్ళు ఎక్కడివక్కడ ఉండేసరికి చీటీలు విప్పుకుని, చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. "వచ్చారా" అంటోంది మిత్సుయో ఒక్కొక్కరితో. సరిగ్గా అప్పుడే నెమోతో తాడు చుట్ట భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

"కుసాకా గారూ, ఈ సైకిళ్ళు తీయించండి. ఇక్కడ తాడు కట్టమని హెడ్డాఫీసు చెప్పింది. ఎవర్నడిగి పెట్టారు?"

చిహారు తన సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. గడియారంలో ఆరూ నలభై ఏడు.

మిత్సుయో జేబులోంచి టేపు తీసి ఒక చివర అతనికి అందించింది. "కొలవండి."

"అది కాదండీ..."

"సోమవారం మీరు వంగుని కొలిచారు. నేను చీటీ కట్టాను. ఇవాళా కొలవండి. ఒక్క వేలు బయటుంటే నా చేత్తో నేనే కడతాను."

గుంపు కదల్లేదు. నెమోతో చుట్టూ చూశాడు. తాడు కింద పెట్టి, తడి నేల మీద మోకాళ్ళు ఆనించి కొలిచాడు. ఒక సైకిలు కాదు, తొమ్మిదీ కొలిచాడు. లేచి, గొంతులోనే ఏదో అన్నాడు.

"వినపడలేదు" అన్నాడు వెనక నుంచి సమేజిమా, పసుపు చీటీ వేళ్ళ మధ్య నలుపుతూ. "ఫిర్యాదు రాసింది నేనే. లోపలా, బయటా? సరిగ్గా చెప్పండి."

"లోపలే ఉన్నాయండి."

"లోపలుంటే ఆ అమ్మాయిని వెళ్ళనివ్వండి మరి. గుమ్మానికి అడ్డం నిలబడింది మీరే."

నెమోతో కిందకి చూసుకున్నాడు. అతని రెండు కాళ్ళూ గీత మీదే ఉన్నాయి. పక్కకి జరిగాడు. చిహారు సైకిలు ఎక్కి, బ్యాటరీ మీట నొక్కింది. గుమ్మం దాటుతూ "వచ్చానండీ, వెళ్తున్నానండీ" అని రెండూ ఒకేసారి అనేసి, బస్టాపు మలుపు తిరిగిపోయింది. ఆరూ యాభై. ఇంకో నిమిషం చేతిలో ఉంది.

"సెప్టెంబరులో..." అన్నాడు నెమోతో, తాడు చుట్ట మళ్ళీ భుజానికెత్తుకుంటూ.

"సెప్టెంబరు సంగతి సెప్టెంబరులో చూసుకుందాం. రేపు పొద్దున్న అయిదున్నరకి నేనిక్కడే ఉంటాను. మీరూ రండి, వరద చూద్దురుగాని."

పైన ఆరూ యాభై అయిదు రైలు ఆగిన చప్పుడైంది. ఎనభై ఎనిమిదో నంబరు దగ్గర సమేజిమా తన సైకిల్ని బయటికి లాగలేక అవస్థ పడుతున్నాడు, పక్క సైకిలు హ్యాండిలు తట్టుకుంది. మిత్సుయో వెళ్ళి ఆ హ్యాండిలు కొంచెం ఎడమకి తిప్పి, సీటు కింద చెయ్యి వేసి, మోకాలితో ఒక్క తోపు తోసింది.